ఏంరంగుగారి సీసా

చొక్కా జేబులోంచి చిటికెనవేలంత గాజుసీసా తీస్తాడు. వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంటాడు. ఎడమకన్ను మూస్తాడు. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళని అడుగుతాడు.

"ఇదేం రంగు?"

పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడుగుతాడు. తొమ్మిదీ ఐదుకి లిఫ్టులో, పక్కన నిలబడ్డ పాపానికి, ఎవర్నో ఒకర్ని అడుగుతాడు. పదకొండింటికి పార్సిళ్ళు తెచ్చే మనిషి సంతకం కోసం కాగితం చాపితే, ఆయన సీసా చాపుతాడు. జవాబొస్తేగాని సంతకం పడదు. కొన్నాళ్ళకి ఆ మనిషి తెలివిమీరి, గుమ్మంలో అడుగు పెడుతూనే "పసుపు సార్" అని కాగితం చాపడం మొదలుపెట్టాడు.

"ఇంకా చూపించందే ఎలా చెప్పావయ్యా?"

"నిన్న పసుపేగా సార్?"

"నిన్నటిది నిన్నటితో సరి. ఇవాళ్టిది చూడు."

అందుకని ఆయన్ని అందరూ ఏంరంగుగారు అనేవాళ్ళు. అసలు పేరు ఆయన గది తలుపుకి కొట్టిన రేకు మీద రాసి ఉంది. ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండటం వల్ల రేకు గోడవైపు తిరిగి ఉండేది. ఎవరూ చదవలేదు.

ఆయన చేసేవి చుక్కలు. క్వాంటం చుక్కలంటారు. వెంట్రుక మందంలో వరసగా పేరిస్తే ఇరవై వేలు పడతాయి. వాటి వింత ఏమిటంటే, సరుకంతా ఒకటే, సైజుని బట్టి రంగు. బాగా చిన్నవైతే నీలంగా వెలుగుతాయి. కాస్త పెరిగితే ఆకుపచ్చ. ఇంకాస్త పెరిగితే పసుపు, నారింజ, ఎరుపు. టీవీ తెరల్లోనూ దీపాల్లోనూ వాటితో పని. మూడు మెడల గాజుబుడ్డిలో నూనె కాగుతూ ఉంటుంది. సిరంజితో మందు ఒక్క ఊపున అందులోకి కొట్టాలి. ఆ క్షణం నుంచి చుక్కలు పుట్టి పెరుగుతాయి. కావలసిన రంగు రాగానే బుడ్డిని చల్లార్చాలి. నాలుగు సెకన్లు ఆలస్యమైతే ఆకుపచ్చ కాస్తా పసుపైపోతుంది. పక్కగదిలో రంగు కొలిచే యంత్రం ఉంది. అది తీరిగ్గా జవాబు చెప్పేసరికి పది నిమిషాలు. పోనీ గడియారం చూసి ఆపుదామంటే మందు ఏ రోజు ఎంత జోరుగా నడుస్తుందో మందుకే తెలీదు. చివరికి కన్నే దిక్కు.

అలాంటి ప్రయోగశాలలో ఆయన కింద పనిచేస్తున్న చిన్న కెమిస్టుకి రంగులు కనపడవు.

అంటే బొత్తిగా కనపడవని కాదు. నీలం బాగానే కనపడుతుంది. మిగతావన్నీ ఒకే ఇంటివాళ్ళ మొహాల్లా ఉంటాయి. ఎవరు అన్నో ఎవరు తమ్ముడో తేలదు. ఒకసారి కూతురికి బొమ్మల పుస్తకంలో గుర్రానికి రంగు వేసిపెట్టాడు. ఆరేళ్ళ పిల్ల దాన్ని చాలాసేపు చూసి, "నాన్నా, గుర్రం గడ్డి ఎక్కువ తినేసిందా?" అంది. మర్నాటికల్లా రంగుపెన్సిళ్ళన్నిటికీ పేర్లు రాసిన కాగితాలు చుట్టి పెట్టింది. ఈ సంగతి ఆ పిల్లకీ, భార్యకీ తప్ప ఎవరికీ తెలీదని అతని నమ్మకం. తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఇంకో ఉద్యోగం దొరకదని కాదు. ఆ బుడ్డీ, ఆ సిరంజీ, మందు నూనెలోకి దిగే ఆ ఒక్క క్షణమూ ఇంకెక్కడా దొరకవు. చేతులు ఆ పనికే పుట్టినట్టుండేవి.

మూడేళ్ళ కిందట చేరిన కొత్తలో రోజూ భయంతో చచ్చేవాడు. సీసాలకి రంగు పేరు రాసి కాగితాలు అంటించే పని అతనిదే మరి. కానీ విచిత్రంగా ఏ రోజూ ఇబ్బంది రాలేదు. అతను పెన్ను, కాగితం పట్టుకుని నిలబడేసరికి ఏంరంగుగారు ఎవర్నో ఒకర్ని పట్టుకుని ఉండేవాడు.

ఒకరోజు లిఫ్టు పాడైంది. బాగుచేసే మనిషి గోతిలో తాడు మీద వేలాడుతున్నాడు. ఏంరంగుగారు పైనుంచి తొంగిచూశాడు. సీసా దించాడు.

"ఇదేం రంగు?"

"సార్, వేలాడుతున్నాను."

"వేలాడుతూనే చెప్పు. చెప్పడానికి చేతులెందుకు?"

"ఆకుపచ్చ సార్."

"ఏ ఆకు?"

"ఏ ఆకంటే... లేతాకు సార్."

"ఎంత లేత?"

"సార్, నాకు పిల్లలున్నారు సార్."

చిన్న కెమిస్టు కాగితం మీద 'లేత ఆకుపచ్చ' అని రాసుకున్నాడు. అతనికి ఆ మనిషి మీద జాలేసింది. తన పని జరిగిపోయినందుకు ప్రాణం కుదుటపడింది. ఆ రెండూ ఎలా పొసుగుతాయో అర్థంకాలేదు.

వాచ్‌మన్ మాత్రం మొదట్లో బెదిరినా తర్వాత ఆ విద్యలో ఆరితేరాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, సీసాని అటూ ఇటూ తిప్పి చెప్పేవాడు. "చిలకపచ్చే సార్. కానీ నిన్నటి చిలక కాదు." గేటు పుస్తకంలో వచ్చేపోయేవాళ్ళ వివరాల పక్కన ఒక కొత్త గడి గీసి, 'రంగు' అని తల పెట్టి, రోజూ నింపేవాడు.

బుడ్డి కాగే వేళ ఇంకా గొడవ. ఆ వేళకి గాజుసామాను కడిగే అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడాలి. కాగితాల గుమాస్తా, దారినపోయేవాళ్ళు, ఎవరు దొరికితే వాళ్ళు చుట్టూ మూగాలి. చిన్న కెమిస్టు సిరంజి నొక్కేవాడు. ఏంరంగుగారు టార్చి వేసేవాడు.

"ఇప్పుడేం రంగు?"

"నీలం సార్!"

"ఇప్పుడు?"

"నీలం పోతోంది... పచ్చ పచ్చ పచ్చ!"

"గట్టిగా చెప్పమ్మా, నాకు చెవులు సరిగా వినపడవు."

"పచ్చా!" అని అక్క కేక పెట్టేది. ఆ కేకకి చిన్న కెమిస్టు బుడ్డిని చన్నీళ్ళలోకి దించేవాడు. వేలంపాట ముగిసినట్టు అందరూ ఊపిరి వదిలి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ప్రపంచంలో ఇంకెక్కడా చుక్కలు ఇలా అరుపుల మధ్య పుట్టవు.

పోనీ ఆ జబ్బు ప్రయోగశాలతో ఆగిందా అంటే, లేదు. ఒకసారి సరుకు చూపించడానికి ఇద్దరూ కారులో వెళ్ళాల్సి వచ్చింది. "మోకాలు నొప్పి, నువ్వు నడుపు అబ్బాయ్" అని ఏంరంగుగారు తాళంచెవి ఇచ్చాడు. మొదటి కూడలి దగ్గర కారు ఆగీ ఆగకముందే అద్దం దించి పక్కకారతన్ని పిలిచాడు.

"ఏమండీ, ఆ పైనున్నదేం రంగు?"

"ఎరుపండీ. కనపడట్లేదా?"

"కనపడుతోంది. మీ అభిప్రాయం అడుగుతున్నాను."

"ఎరుపు మీద అభిప్రాయం ఏముంటుందండీ!"

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఆకుపచ్చ. మీరు కదిలితే మేమూ పోతాం."

ఇలా ఏడు కూడళ్ళు. ఆ దీపాల్లో పైదేదో కిందదేదో చిన్న కెమిస్టుకి బడిరోజుల నుంచీ కంఠతా వచ్చు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడో కూడలికి అతని చెవులు వేడెక్కిపోయాయి. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంది. ఈయనకి పిచ్చి ముదిరిందనుకున్నాడు.

అయితే అతన్ని కలవరపెట్టింది పిచ్చి కాదు. ఈ మూడేళ్ళలో ఏంరంగుగారు ఊరందర్నీ అడిగాడు. పక్కనే ఉన్న తనని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మొదట్లో అది అదృష్టం అనుకున్నాడు. తర్వాత అనుమానం వచ్చింది. తర్వాత కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఒకరోజు ఇంట్లో అన్నాడు.

"లిఫ్టువాడి మాటకున్న విలువ నా మాటకి లేదు."

"అడిగితే ఏం చెబుతారు?" అంది భార్య.

"చెప్పలేను."

"అడగట్లేదనేగా మీ బాధ?"

"అవును."

"అడిగితే చచ్చారుగా?"

"అవును."

ఆమె కాసేపు అతని మొహం చూసి, "మీ పెద్దాయన రంగుల సంగతి నాకు తెలీదుగానీ, మీరు మాత్రం నాకు అర్థంకావట్లేదు" అని వెళ్ళిపోయింది.

అప్పుడతనికి ఒక ఆలోచన తట్టింది. ఆ మనిషి రోజుకి ఇరవైసార్లు రంగు ఎందుకు అడుగుతాడు? తెలియదు కనకే అడుగుతాడు! ఈయనకి కూడా తనకున్న లోపమే ఉంది. ముప్పై ఏళ్ళుగా దాచుకుంటున్నాడు. రంగులు కనపడని ఇద్దరు కలిసి ప్రపంచానికి రంగులు చేసిపెడుతున్నారన్నమాట. నవ్వాలో పారిపోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన వైపు చూస్తే దగ్గర చుట్టాన్ని చూసినట్టుండేది.

ఇలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం పని బెడిసింది.

కొత్త తరహా తెరలు చేసే కంపెనీ ఒకటి ఆకుపచ్చ చుక్కలు అడిగింది. సాయంత్రానికి నమూనా పంపాలి. నూనె కాగింది. సిరంజిలో మందు సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే మేనేజరు నుంచి కబురొచ్చింది, ఆ కంపెనీవాళ్ళు ఫోన్లో ఉన్నారని. "ఇప్పుడే వస్తా. నేనొచ్చేదాకా కొట్టకు" అని ఏంరంగుగారు వెళ్ళాడు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. సిరంజిలో మందు ఎక్కువసేపు ఆగదు, చెడుతుంది. అక్క భోజనానికి వెళ్ళింది. గుమాస్తా సెలవు. వరండాలో పిల్లి కూడా లేదు.

చిన్న కెమిస్టు ఊపిరి బిగబట్టి సిరంజి నొక్కాడు. అద్భుతంగా దిగింది. తర్వాత చుట్టూ చూశాడు. అడగడానికి ఎవరూ లేరు. మనసులో అంకెలు లెక్కపెట్టాడు. రోజూ అక్క కేక పెట్టేది ఎన్నో అంకెకో గుర్తుచేసుకున్నాడు. ఆ అంకె రాగానే బుడ్డిని చన్నీళ్ళలో దించాడు. వరండాలో అడుగుల చప్పుడైంది, యంత్రాన్ని అడిగే వ్యవధి లేదు. సీసాలో పోసి కాగితం మీద 'ఆకుపచ్చ' అని గుండ్రంగా రాసి అంటించాడు.

ఆ రోజు మందు జోరుగా నడిచే రోజు.

మేనేజరు, ఏంరంగుగారు కలిసే వచ్చారు. మేనేజరు సీసా అందుకుని కాగితం చదివాడు. సీసా చూశాడు. మళ్ళీ కాగితం చదివాడు.

"ఇదేంటి?"

ఏంరంగుగారు చటుక్కున సీసా లాక్కుని, వెలుతురుకేసి ఎత్తి, ఎడమకన్ను మూశాడు. "ఇదేం రంగు?"

"నారింజ! చిన్నపిల్లలైనా చెబుతారు!"

"నారింజే అంటారా?"

"అంటారా ఏంటండీ? కాగితం మీద ఆకుపచ్చ అని ఉంది!"

"కాగితం ముందే రాసి పెట్టమన్నది నేనే. పని తర్వాత చెడింది."

మేనేజరు ఏంరంగుగారిని చూశాడు. చిన్న కెమిస్టుని చూశాడు. చిన్న కెమిస్టు నేలని చూశాడు.

"ఇక్కడ ఎవరికో కళ్ళు సరిగా లేవు" అన్నాడు మేనేజరు.

సాయంత్రానికి గోడమీద నోటీసు వెలిసింది. గురువారం కంటి డాక్టరు వస్తాడు. ప్రయోగశాలలో ప్రతి ఒక్కరికీ రంగుల పరీక్ష. తప్పినవాళ్ళు శుక్రవారం నుంచి డబ్బాలు కట్టే గదికి.

ఇంటికెళ్ళి ఆ మాట చెప్పాడు.

"ఆ గదిలో డబ్బాలు ఏ రంగు?" అంది భార్య.

"తెలీదు."

"పోన్లెండి. అక్కడ ఎవరూ అడగరు."

అది ఓదార్పో హాస్యమో అతనికి అర్థంకాలేదు. మర్నాడు ఎక్కడో ఆ పరీక్ష పుస్తకం సంపాదించి తెచ్చింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, చుక్కల మధ్య దాగిన అంకె. ఆమె అంకెలు చదివింది, అతను వరస బట్టీ పట్టాడు. పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది. కూతురు పక్కన కూర్చుని తప్పు పోయినప్పుడల్లా నెత్తిమీద పెన్సిలుతో కొట్టింది. పడుకునే వేళకి ముప్పై పేజీలూ నోటికొచ్చాయి.

గురువారం వరండాలో వరస కట్టారు. డాక్టరు గది తలుపు తీసే ఉంది. లోపల ఆయన పుస్తకంలోంచి అట్టలు ఊడదీసి, పేకముక్కల్లా కలుపుతున్నాడు.

"కొందరు బట్టీ పట్టి వస్తారు" అన్నాడు మేనేజరుతో. "అందుకని కలుపుతాను."

చిన్న కెమిస్టు గోడకి ఆనుకున్నాడు.

"పెద్దవాణ్ణి, ముందు నన్ను కానివ్వండి" అంటూ ఏంరంగుగారు లోపలికి వెళ్ళాడు.

డాక్టరు మొదటి అట్ట ఇచ్చాడు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎత్తి పట్టుకుని, ఎడమకన్ను మూశాడు.

"ఇదేం రంగు?"

"నేనడగాలండీ, మీరు కాదు. ఇందులో ఏ అంకె ఉంది?"

"అంకె ఎక్కడుంది? చుక్కలున్నాయి."

"చుక్కల్లోనే ఉంది."

"చుక్కల గురించైతే చెబుతాను. ఒక్కోటి మూడు మిల్లీమీటర్లుంది. మేం చేసేవాటికంటే ఇంచుమించు ఏడు లక్షల రెట్లు పెద్దవి. ఇంత పెద్ద చుక్కలతో మీకేం పని?"

డాక్టరు ఇంకో అట్ట ఇచ్చాడు. "ఇది?"

"ఇవి కూడా పెద్దవే."

"అంకె చెప్పండి మహానుభావా!"

"మీకేం కనపడుతోంది?"

"నాకు డెబ్భై నాలుగు కనపడుతోంది!"

"అదృష్టవంతులు."

ఇలా ఇరవై తొమ్మిది అట్టలు. డాక్టరు చొక్కా తడిసిపోయింది. ఆఖరి అట్ట పైకెత్తాడు. దాని మీద పన్నెండు అంకె కొండంత ఉంది.

"పోనీ ఇదైనా?"

"ఏదో పిట్టలా ఉంది."

"ఇది రంగులు కనపడనివాళ్ళకి కూడా కనపడుతుందండీ! అందుకోసమే పెట్టారు!"

"అయితే నాది ఇంకా ముదిరింది" అన్నాడు ఏంరంగుగారు.

వరండాలో నిలబడి ఉన్న చిన్న కెమిస్టుకి ఆ పన్నెండు అక్కణ్ణుంచే స్పష్టంగా కనపడింది. పాపం, పెద్దాయనది తనకంటే ఘోరం అనుకున్నాడు.

మేనేజరు తల పట్టుకుని కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళుగా మన రంగులు చేసేది ఈయనే. ఆ కంపెనీవాళ్ళు ఈయన్ని చూసే వచ్చారు. ఈయన్ని డబ్బాలగదికి పంపితే వాళ్ళకేం చెప్పను?" డాక్టరు వైపు తిరిగాడు. "పుస్తకం పాతదా?"

"కొత్తదే."

"కొత్తది కావడమే లోపం." ఏంరంగుగారి వైపు తిరిగాడు. "రంగులు కనపడకుండా ఇన్నేళ్ళు ఎలా చేశారండీ?"

"అడిగి చేశాను. రంగు చెప్పేవాళ్ళకి కరువా? రోడ్డుమీద ఎవర్నడిగినా చెబుతారు. సిరంజి ఒక్క ఊపున కొట్టే చేతికే కరువు."

ఆయన చేతుల సంగతి చెప్పుకుంటున్నాడనుకున్నారు అందరూ. అట్ట తిరిగి ఇస్తున్నప్పుడు ఆ చేతులు ఆకుల్లా వణుకుతున్నాయి. ఎవరూ చూడలేదు.

నోటీసు చిరిగింది. దాని స్థానంలో కొత్తది వచ్చింది. 'ఇకమీదట రంగు ఎవరూ ఒంటరిగా నిర్ణయించరాదు. పక్కవాళ్ళను అడగవలెను.' డాక్టరు మిగతావాళ్ళని చూడకుండానే అట్టలు సంచిలో వేసుకుని, వచ్చిన దారిని కాకుండా దగ్గరి దారిని వెళ్ళిపోయాడు.

సాయంత్రం గాజుసామాను కడిగేచోట చిన్న కెమిస్టు స్టూలు మీద కూలబడ్డాడు. అక్క బుడ్లు కడుగుతోంది.

"పాపం అక్కా. సార్‌కి కూడా రంగులు కనపడవు."

"కూడా అంటే?"

అతను నాలిక్కరుచుకున్నాడు. అక్క చేతిలోని బుడ్డి కింద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదు.

"ఆయనకా! పోయిన నెల పాపకి జ్వరమని నువ్వు మూడురోజులు రాలేదు చూడు. ఆ మూడురోజులూ ఈ గదిలో మాటన్నది లేదు. జేబులోంచి సీసా రాలేదు. ఎవర్నీ పిలవలేదు. చెయ్యి వణికి రెండు బుడ్లు సిరంజి దగ్గరే పాడుచేశాడు. మూడోది ఎలాగో కొట్టాడు. టార్చి కూడా వెయ్యలేదు. ఊరికే చూస్తూ నిలబడి, టక్కున ఆపాడు. యంత్రం ఆయన కాగితం మీద రాసిన రంగే చెప్పింది."

"మరి రోజూ ఎందుకడుగుతాడు?"

"అంతకుముందు పన్నెండేళ్ళలో ఆయన నాతో మాట్లాడింది మూడుసార్లు. అందులో రెండుసార్లు 'కాస్త జరుగు' అని. నువ్వొచ్చిన మొదటి వారం ఎర్రమూత డబ్బాలో పొయ్యాల్సింది పచ్చమూత డబ్బాలో పోశావు. ఆయన చూశాడు. నేనూ చూశాను. మర్నాడు డబ్బాల మీద ఇంతింత అక్షరాలు రాసి అంటించాడు."

"అది భద్రత నియమం అన్నారే!"

"ఆ మర్నాడు జేబులోకి సీసా వచ్చింది."

చిన్న కెమిస్టు స్టూలు అక్క దగ్గరికి జరుపుకున్నాడు. లిఫ్టు గొయ్యి, ఏడు కూడళ్ళు, పచ్చా అన్న కేక, కిటికీ దగ్గర పిట్ట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

"అయితే నీకు ముందే తెలుసా? ఆయనకి తెలుసని కూడా తెలుసా? మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకోవడమెక్కడ? చెప్పాగా, మేమిద్దరం మాట్లాడుకోం" అంది అక్క, బుడ్డి మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

అతను లేచి సరాసరి ఏంరంగుగారి గదికి వెళ్ళాడు. ఆయన గుమ్మానికి వీపు పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు.

"సార్, నాకు రంగులు సరిగా కనపడవు."

"ఏంటి?"

"రంగులు సార్! నాకు!"

"పొగ లాగే ఫ్యాను మోతలో ఏమీ వినపడట్లేదు అబ్బాయ్. నీ బస్సు పోతుంది, వెళ్ళు."

వరండా సగం దాటాక చిన్న కెమిస్టు ఆగాడు. ఎక్కడా ఏ మోతా లేదు. ఫ్యాను ఆగి గంటైంది.

మర్నాడు తొమ్మిదికి బస్సు దిగేసరికి ఏంరంగుగారు గేటు దగ్గర లేడు. స్టాపులోనే నిలబడి ఉన్నాడు. చిన్న కెమిస్టు రెండు కాళ్ళూ నేలమీద పెట్టేదాకా ఆగాడు. జేబులోంచి సీసా తీశాడు. ఎండకేసి ఎత్తి పట్టుకున్నాడు. ఎడమకన్ను మూశాడు. మూడేళ్ళలో మొదటిసారి అతన్ని అడిగాడు.

"ఇదేం రంగు?"

"తెలీదు సార్."

ఏంరంగుగారు ఎడమకన్ను తెరిచి, కుడికన్ను మూసి, సీసాని ఇంకోసారి చాలా శ్రద్ధగా చూశాడు.

"నాకూ తెలీట్లేదు" అన్నాడు. "పద, వాచ్‌మన్‌ని అడుగుదాం."